రంధ్రాలు మూసిన దొంగ

"మరదలా, ఈ కేసులో నీకు పని లేదు. దొంగ దొరికిపోయాడు. ఇంటికెళ్ళి మీ అక్కతో చెప్పు, ఇవాళ భోజనానికి వేళకి వస్తున్నానని."

ఇన్‌స్పెక్టర్ నన్ను చూడగానే అన్న మొదటి మాట అది. ఆయన మా అక్కని పెళ్ళి చేసుకుని నాకు బావ అయ్యాడు. నేను డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచిన రోజు నుంచి తలనొప్పి కూడా అయ్యాడు. ఎక్కడ నేరం జరిగినా నాకన్నా ముందు చేరుకుంటాడు. చేరుకున్న ఐదు నిమిషాల్లో దొంగ ఎవరో తేల్చేస్తాడు. ఆయన తేల్చినవాడే దొంగ అయిన సందర్భాలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"నువ్వు వేళకి వస్తున్నావంటే అక్క ముందు నీకు ఒంట్లో బాగాలేదేమో అనుకుంటుంది బావా," అంటూ సగం ఎత్తిన షట్టర్ కింద నుంచి వంగి గ్యారేజీలోకి దూరాను.

గ్యారేజీ అంటే ఒక కారు, దాని చుట్టూ మనిషి పక్కకి తిరిగి నడిచేంత జాగా, అంతే. కారు నాలుగు ఇనుప స్టాండ్ల మీద నిలబడి ఉంది. వెనక సీట్లు ఉండవలసిన చోట అడ్డంగా ఇనుప గొట్టాలు. గోడవారగా పరిచిన దుప్పటి మీద ఇంటర్‌కూలరు, స్ప్రింగులు, వెడల్పు మూతి ఎగ్జాస్టు గొట్టం, రెండు రేసింగ్ సీట్లు వరసగా ఉన్నాయి. అన్నిటినీ తుడిచి తళతళలాడించి, గ్రూపు ఫొటోకి నిలబెట్టినట్టు పెట్టారు.

వాటి యజమానిని వీధి మొత్తం టర్బో అనే పిలుస్తుంది. స్కూలు బస్సు నడుపుతాడు. ఏళ్ళ తరబడి జీతంలో సగం ఈ కారు నోట్లో పోశాడు. ఇప్పుడు భార్యకి నిండు నెలలు, కడుపులో కవలలు. రెండు సీట్ల కారులో నలుగురు పట్టరు కదా. అందుకని అదనంగా బిగించిన సామానంతా ఊడదీసి అమ్మేసి, పాత కంపెనీ సామాను మళ్ళీ బిగించి, దాన్ని బుద్ధిగా సంసారం చేసే కారుగా మార్చాలనుకున్నాడు. నన్ను పిలిపించింది అతని భార్యే. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, మా బావని కొరకొరా చూస్తోంది.

పోయింది అసలు సరుకు. టర్బో అనే మనిషికి ఆ పేరు తెచ్చిన టర్బో. చూడటానికి నత్తగుల్లలాంటి ఇనుప ముద్ద. ఇంజన్ వదిలే పొగ జోరుకి గిర్రున తిరుగుతూ, ఇంజన్‌లోకి గాలిని ఇంకా గట్టిగా కుక్కుతుంది. ఆ కారు పరుగంతా దాని చలవే.

"విను," అన్నాడు బావ, లాఠీతో ఖాళీ చోటు చూపిస్తూ. "నిన్న పొద్దున కొన్నాయన వచ్చాడు. ఇంజన్ మీద ఉండగానే ఆడించి చూశాడు. నచ్చింది. డబ్బు మొత్తం పంపేశాడు. సాయంత్రం తీసుకుపోదామని వస్తే సరుకు లేదు. ఈయనేమో ఎవరో ఎత్తుకెళ్ళారంటాడు. తాళం పగల్లేదు, నట్టు విరగలేదు. అంటే ఎక్కువిచ్చేవాడు ఇంకొకడు తగిలాడు. ఒకే సరుకు ఇద్దరికి అమ్మాడు. చీటింగ్ కేసు. కొన్నాయన ఇంకాసేపట్లో ఇక్కడికే వచ్చి వాంగ్మూలం మీద సంతకం పెడతాడు. పెట్టగానే నేను స్కూలుకి ఫోన్ చేస్తాను. చేయాలి, అది రూలు."

టర్బో మొహం పాలిపోయింది. యూనిఫాం వేసుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని డ్యూటీకి తయారుగా ఉన్నాడు పాపం.

"ఫోన్ వెళ్తే ఈరోజే బస్సు తాళాలు లాక్కుంటారండీ," అన్నాడు నాతో. "కేసున్నవాడి చేతికి పిల్లల్ని ఎవరిస్తారు? ఈ నెలలో ఉద్యోగం పోతే నేనేమైపోవాలి, వీళ్ళేమైపోవాలి?"

"ముందు నిన్న ఏం చేశారో చెప్పండి. వరసగా."

"పదకొండింటికి ఆయన వచ్చాడు. బాగా వేడెక్కేదాకా ఆడించాం. ఆయన వెళ్ళాక చల్లారనిచ్చాను. తర్వాత ఇంజన్‌లోని నీళ్ళు దింపి, నట్లన్నీ వదులు చేసి పెట్టాను, సాయంత్రం వచ్చి ఊడదీస్తే సరిపోతుందని. రెండింటికి బస్సు డ్యూటీకి వెళ్ళాను. నాలుగున్నరకి తిరిగొచ్చేసరికి లేదు."

"షట్టర్ తాళం?"

"వేసే వెళ్ళాను. ఒక తాళంచెవి నా జేబులో, ఇంకోటి వంటింట్లో మేకుకి."

"నేను పడుకున్నాను," అంది భార్య. "ఈ మధ్య నడుం వాలిస్తే పక్కన బాంబు పేలినా లేవడం లేదు."

"అదే నేను చెప్పేది," అన్నాడు బావ. "ఇది ఇంటి మనిషి పని."

ఆయన మాటలో సగం నిజం ఉందని నాకప్పుడే అనిపించింది. కానీ బావ ముందు సగం ఒప్పుకున్నా మొత్తం ఒప్పుకున్నట్టే ప్రచారం చేసుకుంటాడు కాబట్టి నోరు మెదపలేదు.

"టర్బో లేదని చూడగానే మీకేమనిపించింది?" అని అడిగాను. ప్రతివాళ్ళనీ ఇది అడుగుతాను. అబద్ధం చెప్పేవాళ్ళు ఇక్కడ తడుముకుంటారు.

ఇతను తడుముకోలేదు. "ఒళ్ళు మండిపోయిందండీ!"

"పోయినందుకు మండదా మరి."

"పోయినందుకు కాదు. గుడ్డ కుక్కినందుకు! రండి, మీరే చూడండి. నూనె గొట్టంలో గుడ్డ కుక్కుతారా ఎవరైనా?"

నా చెయ్యి పట్టుకుని లాగినంత పని చేసి బానెట్ దగ్గరికి తీసుకెళ్ళాడు. చూసి నాకు నవ్వొచ్చింది. దొంగ టర్బోని ఊడదీసుకుని, అది వదిలిపోయిన రంధ్రాలన్నిటినీ మూసి మరీ వెళ్ళాడు. నూనె గొట్టం, నీళ్ళ గొట్టాలు, గాలి గొట్టం, ఎగ్జాస్టు మూతి, ఒక్కటీ వదల్లేదు. నీళ్ళ గొట్టాలని కారకుండా పైకెత్తి దారంతో కట్టాడు. కింద పడిన నూనె చుక్కల్ని తుడిచేశాడు.

"ఇంత ముద్దుగా దొంగతనం చేసేవాణ్ణి నా సర్వీసులో చూడలేదు," అన్నాడు బావ. "దుమ్ము పడుతుందని రంధ్రాలు మూసేది ఎవరు? కారు మీద ప్రాణం పెట్టుకున్నవాడు. ఎవరు ఆ ప్రాణం పెట్టుకున్నవాడు? ఇడుగో."

"నేనైతే ప్లాస్టిక్ మూతలు పెడతాను సార్!" టర్బో గొంతు కీచుమంది. "గుడ్డయితే పోగులూడి నూనెలో పడతాయి. ఒక్క పోగు చాలు, బేరింగు పోవడానికి. అదుగో మూతల డబ్బా, చేతికందే చోటే ఉంది. నిండా ఉంది."

"నన్ను తప్పుదోవ పట్టించడానికే గుడ్డ పెట్టావు."

"బావా, నిన్ను తప్పుదోవ పట్టించడానికి ఎవరూ అంత కష్టపడక్కర్లేదు," అని, నూనె గొట్టంలోని గుడ్డని రెండు వేళ్ళతో బయటికి లాగాను.

పాత గుడ్డపేలిక అనుకున్నాను. కాదు. గుండ్రంగా కత్తిరించిన నల్లటి గుడ్డ, ప్యాంటు జేబుల లోపల వేసే రకం. రెండు పొరలు. అంచు లోపలికి మడిచి, చుట్టూ సన్నగా కుట్టు వేసి ఉంది. గోటితో గీకి చూశాను, ఒక్క పోగు కూడా రాలేదు. నీళ్ళ గొట్టంలోది తీశాను. అదీ అంతే, కాకపోతే కొంచెం పెద్దది. ఎగ్జాస్టు మూతిది ఇంకా పెద్దది. ఏ రంధ్రానికి ఆ కొలత. నాకు కుట్టు రాదు గానీ చూడటం వచ్చు. పోగులు రాలతాయన్న భయం ఈ దొంగకీ ఉంది. అందుకే దొంగతనానికి ముందు కూర్చుని అంచులు కుట్టుకున్నాడు.

"మీకు కుట్టు వచ్చా?" అని టర్బోని అడిగాను.

"నాకా? గుండీ ఊడినా ఈవిడే కుట్టిస్తుంది."

"కుట్టిస్తుందంటే? ఎవరి చేత?"

"ఇంకెవరు, మా నాన్నే..." అని, భార్య చటుక్కున నోటి మీద చెయ్యి వేసుకుంది.

గ్యారేజీకీ దాని గోడ అవతల ఉన్న దర్జీ షాపుకీ మధ్య పది అడుగుల దూరం కూడా లేదు. వాళ్ళుండే ఇంటి ముందు గదే ఆ షాపు. టర్బో మామగారు ముప్పై ఏళ్ళుగా అందులోనే మిషను తొక్కుతున్నారు. భార్య పోయాక కూతురూ అల్లుడూ ఆయన దగ్గరే ఉంటున్నారు. మేం నలుగురం తలుపులో నిలబడేసరికి ఆయన మిషను తొక్కడం ఆపలేదు సరే, ఇంకా జోరు పెంచారు. సూది కింద గుడ్డ మాత్రం లేదు.

గుడ్డ ముక్కలు మూడూ ఆయన ముందు బల్ల మీద వరసగా పెట్టాను.

"ఇవి ఎవరివండీ?"

"నాకేం తెలుసమ్మా? ఇలాంటి కుట్టు ఎవరైనా వేస్తారు."

"ఇంత సన్నగానా? ఇంత గుండ్రంగానా? నేను చాలామంది దర్జీల్ని చూశానండీ."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నారు. ఒక ముక్క చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూశారు. "అంటే... ఎవరైనా అంటే ఎవరైనా అని కాదు," అన్నారు నెమ్మదిగా. "మూల తిరిగే చోట ముడత రాకుండా వెయ్యడం కష్టమేలే."

"నాన్నా!" అంది కూతురు.

ఆయన తల వంచుకున్నారు. మిషను ఆగిపోయింది.

"మామయ్యా, మీరా?" అన్నాడు టర్బో. "రోజూ మీరే కదా తిట్టేది? డబ్బంతా ఆ డబ్బాకి తగలేస్తున్నావని, దాన్ని తీసుకెళ్ళి చెత్తలో పారెయ్యమని?"

"తిట్టాను బాబూ. పెళ్ళయిన దగ్గర్నుంచీ తిడుతూనే ఉన్నాను." ఆయన నా వైపు తిరిగారు. అల్లుడి మొహం చూసి చెప్పలేకపోయారేమో. "రోజూ సాయంత్రం నేను షాపు కట్టేసి గ్యారేజీలో స్టూలు మీద కూర్చుంటానమ్మా. అతను కారు కింద పడుకుని ఫలానా స్పానరివ్వు మామయ్యా అంటాడు, నేను అందిస్తాను. అందిస్తూ తిడతాను. అదే మా ఇద్దరికీ కబుర్లు. ఈ వారం నుంచి ఒక్కోటీ ఊడదీసి తుడిచి ఫొటో తీస్తుంటే నాకు ముద్ద దిగలేదు. అమ్మెయ్యమని మొత్తుకున్నవాణ్ణి నేనే, ఇప్పుడు వద్దని ఏ మొహంతో చెప్పను? కారు మామూలు కారైపోతే దాని కింద ఎవడు దూరతాడు? నన్నెవడు స్పానరడుగుతాడు?"

నాకైతే ఆయన్ని కావలించుకోవాలనిపించింది. వృత్తి గౌరవం అడ్డొచ్చి ఆగిపోయాను.

"కొన్నాయన విసిగిపోయి డబ్బు వెనక్కి తీసుకుంటాడు, రెండు రోజులాగి ఎక్కడో దొరికిందని పెట్టేద్దాం అనుకున్నాను. పోలీసులొస్తారనుకోలేదు. నట్లు అతనే వదులు చేసి పోయాడు. ఏ నట్టుకి ఏ స్పానరో నాకు తెలుసు. ఎత్తుకుంటే నెలల బిడ్డంత బరువు, అంతే. కోటు గుడ్డలో చుట్టి తెచ్చి ఇక్కడ దాచాను."

ఆయన గది మూల తెర తొలగించారు. బట్టలు వేసుకుని చూసుకునే చోటు అది. ఒక నిలువుటద్దం, ఒక స్టూలు, స్టూలు కింద బూడిదరంగు మూట.

టర్బో దాన్ని ఒళ్ళోకి తీసుకుని విప్పాడు. పసివాళ్ళ మీది దుప్పటి తీసినట్టు తీశాడు. మామగారు ఆ టర్బోకున్న రంధ్రాలకి కూడా గుడ్డ మూతలు కుట్టి పెట్టారు. ఒక మూత తీసి, లోపలి చక్రాన్ని వేలితో తిప్పాడు. రెండోసారి తిప్పాడు. చక్రం మధ్య ఇరుసుని పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. కదిలింది.

"ఇది నాది కాదు," అన్నాడు.

"ఏమిటి?"

"నాదైతే ఇలా ఊగదు. ఇది అరిగిపోయింది. ఒక రెక్క విరిగింది కూడా." ఫోన్ తీసి, అమ్మకానికి పెట్టిన ప్రకటనలోని ఫొటో వెతికాడు. టర్బో ఒంటి మీద కొట్టిన నంబరు అందులో స్పష్టంగా ఉంది. చేతిలో ఉన్నదాని నంబరు వేరు.

మామగారు దాన్ని లాక్కుని చూశారు. "ఈ మూతలు తిరగేసి పెట్టారు! నేను కుట్టు బయటికి పెట్టను, ఏ రోజూ పెట్టను!"

బావ చప్పట్లు కొట్టాడు. నిజంగానే కొట్టాడు. "అద్భుతం! మంచిది బయట అమ్మేశారు, చెడ్డది మూట కట్టి పెట్టారు, పట్టుబడితే చెప్పడానికి కన్నీళ్ళ కథ ఒకటి కుట్టుకున్నారు. నిన్నటిదాకా ఒకడే ముద్దాయి. ఇప్పుడు మామా అల్లుళ్ళిద్దరూ."

"సార్, మా నాన్న పక్కింటివాళ్ళ సూది తీసుకున్నా తిరిగిచ్చేస్తాడు!" భార్య కుర్చీ కోసం వెతుక్కుంటూ అంది. టర్బో టర్బో సంగతి వదిలేసి ఆమెని పట్టుకున్నాడు. పరిస్థితి నేను వచ్చినప్పటి కన్నా ఘోరంగా ఉంది, అది నా పుణ్యమే.

"పెద్దాయనా, నిన్న మూట ఇక్కడ పెట్టాక షాపుకి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదమ్మా. ఒక్కాయన వచ్చాడు. ప్యాంటు పొడవు తగ్గించాలి, వెంటనే కావాలన్నాడు. వేసుకున్న ప్యాంటే. తెర వెనక్కి వెళ్ళి విప్పి, తెర మీది నుంచి అందించాడు. నేను కుట్టినంతసేపూ లోపలే కూర్చున్నాడు."

"చేతిలో ఏమైనా ఉందా?"

"పెద్ద సంచి. బరువుగానే ఉంది. ఇంకా బట్టలున్నాయేమో, పని బాగుంటే ఇస్తాడేమో అనుకున్నాను."

"ఎలా ఉంటాడు?"

"నడుము ముప్పై ఎనిమిది. పొడవు నలభై."

"మొహం?"

"మొహం కొలవను కదమ్మా."

బావ పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేదు. నాకు లెక్క కుదిరింది. "బావా, పాత టర్బో ఎవరు కొంటారు? సొంత టర్బో పాడైనవాడు. పాడైనది వాడి దగ్గరే ఉంటుంది. కొన్నాయన తొందరపడి ముందే వచ్చి ఉంటాడు, తనదాంతో సరిచూసుకోడానికి దాన్నీ తెచ్చుకుని ఉంటాడు. ఈ పెద్దాయన గ్యారేజీలోంచి మూట మోసుకుని షాపులోకి రావడం చూశాడు. తెర వెనక మూట మార్చేశాడు. తర్వాత నీ దగ్గరికొచ్చి సరుకు రాలేదని ఏడ్చాడు. సరుకూ దక్కింది, డబ్బూ వెనక్కొస్తుంది."

"ఊహ! కొన్నాయన నిన్న పొద్దున వెళ్ళాక సాయంత్రం ఐదింటి వరకూ ఈ వీధి మొహమే చూడలేదు. నాతో చెప్పాడు, నేను రాసుకున్నాను. నీ ముప్పై ఎనిమిది నడుము ఈ ఊళ్ళో సగం మందికి ఉంటుంది. నాకూ ఉంది!"

"నీది నలభై రెండు బావా. అక్క చెప్పింది."

బావ నోరు తెరిచాడు. కానీ టర్బో చెయ్యి పైకెత్తాడు, నిశ్శబ్దం అన్నట్టు. అతను మా ఎవరి వైపూ చూడటం లేదు. వీధి చివరికి చెవి పెట్టి ఉన్నాడు.

నాకూ వినిపించింది. ఏదో కారు మలుపు తిరుగుతోంది. ఇంజన్ శబ్దం మీద సన్నటి ఈల. ఈల పెరిగి, ఒక్క క్షణం తెగి, మళ్ళీ అందుకుంది.

"అది నాది," అన్నాడు టర్బో.

"నీ కారు స్టాండ్ల మీద ఉందయ్యా."

"కారు కాదు సార్. ఆ ఈల నాది. మధ్యలో అలా తెగి అందుకోవడం... ఆరేళ్ళు విన్నాను. రాత్రికి రాత్రే బిగించేసుకున్నాడు. ఒక్క రోజు ఆగలేకపోయాడు." అతని గొంతులో కోపం కన్నా జాలి ఎక్కువ ఉంది. దొరికిందాన్ని వెంటనే బిగించి నడిపి చూడకుండా ఉండటం ఎంత కష్టమో అతనికి తెలుసు మరి.

"ఈలని కోర్టులో బోనెక్కిస్తారా?" అన్నాడు బావ, కానీ ఈసారి గొంతు తగ్గింది.

కారు గ్యారేజీ దగ్గర నెమ్మదించి, సరిగ్గా షాపు ముందు ఆగింది. ఇంజన్ టక్కున ఆగిపోయింది.

"అయ్యో, చల్లారనివ్వకుండా ఆపేశాడు," అని టర్బో కళ్ళు మూసుకున్నాడు.

మెట్లెక్కి, నవ్వుతూ ఒక మనిషి లోపలికొచ్చాడు. చేతిలో పెన్ను కూడా తయారుగా ఉంది. "ఇన్‌స్పెక్టర్ గారూ, గ్యారేజీలో ఎవరూ లేకపోతే ఇటొచ్చాను. సంతకం ఎక్కడ పెట్టాలి?"

మామగారు కళ్ళజోడు సర్దుకుని, వచ్చినాయన్ని నడుము నుంచి కిందికి ఒకసారి చూశారు. ఆయన మొహం విప్పారింది.

"రండి బాబూ, రండి. పొడవు సరిపోలేదా?"

వచ్చినాయన నవ్వు అలాగే ఉంది, కానీ కాలు ఒక అడుగు వెనక్కి వేసింది. "నేనా? నేను... ఈ షాపుకి ఎప్పుడూ రాలేదే?"

మా బావలో ఎన్ని లోపాలున్నా, కళ్ళ ముందు ఒక మనిషి అబద్ధమాడితే గుర్తుపట్టలేనంత అమాయకుడు కాదు. నిలబడ్డ చోటు నుంచి కదిలి, తాపీగా వెళ్ళి, ఆయనకీ తలుపుకీ మధ్య నిలబడ్డాడు.

"కూర్చోండి. సంతకం ఉందిగా," అన్నాడు. కొన్నాయన జేబులోంచి కారు తాళంచెవి తనే తీసి నా వైపు విసిరాడు. "మరదలా, బానెట్ తెరువు. నంబరు గట్టిగా చదువు. ఇతని ఫోన్ నా దగ్గరుంచి, ఫొటోలో నేను చూస్తుంటాను."

నేనూ టర్బో పరిగెత్తాం. బానెట్ ఎత్తగానే వేడి మొహానికి కొట్టింది. "ముట్టుకోకండి, కాలుతుంది," అంటూనే అతను చొక్కా చేతిని వేళ్ళ మీదికి లాక్కుని, మసి తుడిచాడు. కింద అంకెలు తేలాయి. ఒక్కొక్కటీ అరిచి చదివాను. అతను నా పక్కనే పెదవులు కదుపుతున్నాడు, చూడకుండానే.

చివరి అంకె చదివాక లోపలి నుంచి ఏమీ వినపడలేదు. టర్బో నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడో అతనికి తెలియదు.

"కలిసింది!" అని అరిచాడు మా బావ.